పడవ ట్రాకర్ మెసేజ్ పంపంగనే రీస్టార్ట్ అయితుంది, పెద్ద బ్యాటరీ పెట్టాల్నా?

ప్రశ్న:
వైజాగ్ కాలనీ కాడ సాగర్ బ్యాక్‌వాటర్‌ల తిరిగే చేపల పడవకు, దొంగతనమైతే ఎక్కడుందో తెలిసేటందుకు పెట్టిన. ఈఎస్‌పీ32 బోర్డు (కోడ్ నడిపేది), నియో-6ఎం జీపీఎస్, సిమ్800ఎల్ (సిమ్ వేసి మెసేజ్ పంపే మాడ్యూల్), 2500 ఎంఏహెచ్ 18650 లిథియం సెల్ ఒకటి. లొకేషన్ మంచిగనే దొరుకుతుంది. మెసేజ్ పోయే టైముకు అంతా బందై మళ్ల మొదలైతుంది. మీటరు పెడితే సెల్ 4.1 వోల్టులే చూపిస్తుంది. పది నిమిషాలకోసారి పంపితే చాలు. పడవల లైట్ల కోసం 12 వోల్టుల బ్యాటరీ ఉంది, దానికి కలపొచ్చా?

జవాబు 1:
బ్యాటరీ సైజుతోని పని లేదన్నా. సిమ్800ఎల్ సిగ్నల్ పంపేటప్పుడు మిల్లీసెకండు కూడ ఉండని ఝట్కాలతోని 2 ఆంపియర్ల దాకా గుంజుతది. సన్న జంపర్ వైర్లల్ల అప్పుడే వోల్టేజీ పడిపోతది, 3.4 కిందికి పోతే మాడ్యూల్ బందైతది. మీటరుకు అంత స్పీడు ఉండదు, అందుకే 4.1 అంటది. జంపర్లు తీసెయ్యి. లావు వైరు, జానెడు కూడ ఉండొద్దు, సెల్ నుంచి నేరుగ మాడ్యూల్‌కు టంకం పెట్టు. మాడ్యూల్ కాళ్ల కాడనే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ (ఝట్కాకు కావాల్సిన కరెంటు దాచిపెట్టేది) పెట్టు, తెల్లగీత ఉన్న కాలు మైనస్‌కు. ఈఎస్‌పీ 3.3 పిన్ను నుంచి మాత్రం ఇయ్యకు.
ఇంకోటి, సిమ్800ఎల్ 2జీది. జియోకు 2జీ లేదు, ఆ సిమ్ పని చెయ్యదు. కొత్తగ కొంటే ఏ7670సీ 4జీ తీస్కో.

జవాబు 2:
12 వోల్టులకు నేరుగ కలపొద్దు, వోల్టేజీ తగ్గించే కన్వర్టర్ పెట్టి కలపొచ్చు గని, దొంగ మొదలు పీకేది ఆ బ్యాటరీనే. సొంత సెల్ ఉండాలె. లెక్క చూడు: పది నిమిషాలల్ల ఒక నిమిషం పనిచేస్తూ 150 మిల్లీఆంపియర్లు తింటే సగటు 15. నిద్రల ఉన్నా డెవలప్‌మెంట్ బోర్డు లైటు, రెగ్యులేటర్ కలిసి 10 దాకా తింటయి. మొత్తం 25, అంటే రోజుకు దగ్గర దగ్గర 600 ఎంఏహెచ్, సెల్ నాలుగు రోజులు వస్తది. జీపీఎస్ ఆన్‌లనే వదిలితే అదొక్కటే 45 గుంజుతది, రెండు రోజులు కూడ రాదు. మాస్‌ఫెట్‌తోని (కోడ్‌తోని నడిచే చిన్న స్విచ్) దాని కరెంటు కట్ చెయ్యి.
సోలార్ పెడితే 6 వోల్టుల పలకనే. 12 వోల్టులది టీపీ4056 (సెల్ ఛార్జింగ్ బోర్డు)కు తగిలిస్తే కాలిపోతది, దాని హద్దు 8.

ప్రశ్న అడిగినవారు:
కెపాసిటర్ పెట్టిన, వైర్లు మార్చిన. రీస్టార్ట్ ఆగింది. డబ్బా ఎక్కడ బిగించాలె?

జవాబు 1:
రేకు కింద వద్దు. జీపీఎస్ యాంటెన్నా తెల్ల పలక ఆకాశం దిక్కు ఉండాలె. వైరు డబ్బా అడుగు నుంచి తియ్యి, బయట కొంచెం కిందికి వేలాడనియ్యి, నీళ్లు ఆ వంపు కాడనే కారిపోతయి. సీల్ ఎంత గట్టిగున్నా పొద్దటి ఎండ, రాత్రి చల్లకు లోపల చెమ్మ పడతది, సిలికా జెల్ పొట్లం వెయ్యి. గుట్టల నడుమ సిగ్నల్ పోతది, అప్పటి లొకేషన్లు బోర్డు ఫ్లాష్ మెమరీల రాసుకొని తర్వాత పంపేటట్టు కోడ్ రాయి.