ఊరి దారికి కంప వేసినవాళ్లు చేసింది ఒప్పా, తప్పా?

అమీర్‌పేట_హాస్టల్: 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ పెట్టగానే రెండు రాష్ట్రాల్లోనూ చాలా ఊళ్ల వాళ్లు దారికి అడ్డంగా తుమ్మ కంప, మొద్దులు వేశారు. ఆ ఫొటోలు ఇప్పుడు బయటికి తీసి "మన పల్లెల ఐకమత్యం చూడండి" అని మురిసిపోతుంటే నాకు ఒళ్లు మండుతోంది. ఆ నెల 25న మా హాస్టల్ ఖాళీ చేయమన్నారు. పోలీస్ స్టేషన్ దగ్గర లైన్లో నిలబడి పాస్ తెచ్చుకుని గరికపాడు చెక్‌పోస్టు దాకా వస్తే, ఆ పాస్ ఆంధ్రలో చెల్లదన్నారు. మాలాంటివాళ్లు వేలమంది. రాత్రంతా హైవే మీదే. ఆ తర్వాత క్వారంటైన్ సెంటర్‌లో 14 రోజులూ ఉండి, కాగితం పట్టుకుని ఊరికి వెళ్తే ఊరి మొదట్లో కంప. కాపలా ఉన్నది మా బాబాయి కొడుకే. "ఇంకొన్నాళ్లు పొలంలో మోటారు షెడ్డులో ఉండన్నా" అన్నాడు. క్వారంటైన్ అయిపోయినవాణ్ని ఆపే హక్కు ఊరికి ఎవరిచ్చారు?

రిటైర్డ్_మాస్టారు: హక్కుల సంగతి తర్వాత బాబూ. ఆ రోజుల్లో ఎవరికి ఏం తెలుసు? తెలంగాణలో మొదట్లో పరీక్షలు చేసింది గాంధీ ఆసుపత్రి ఒక్కటే. మా ఊరికి దగ్గర్లో ఉన్న పీహెచ్‌సీలో డాక్టరు ఉండేదే సగం పూట. ఊళ్లో ఉన్నదంతా ముసలివాళ్లు. రేపు ఎవరికైనా ఊపిరాడకపోతే ఎక్కడికి తీసుకుపోవాలి? అందుకే కంప వేశాం. నేనూ దగ్గరుండి వేయించాను, ఇప్పటికీ సమర్థిస్తాను.

ఆశా_అక్క: మీలాంటివాళ్లు వేసిన కంప తీయించడానికి నేను పడిన పాట్లు నాకు తెలుసు మాస్టారూ. కాన్పు నొప్పులు వచ్చిన అమ్మాయి కోసం 108 వస్తే, తాళం ఎవరి దగ్గర ఉందో తెలియలేదు. కంపకి తోడు గొలుసు కూడా వేశారు మా ఊళ్లో.

నిజామాబాద్_వరి: కంప వేసిన ఊళ్లే ఏప్రిల్లో కోత మిషన్ కోసం కంప తీశాయి. డ్రైవర్లు ఎక్కడివాళ్లు? చాలామంది పక్క రాష్ట్రాలవాళ్లే. మరి డ్రైవర్‌కి పరీక్ష చేశారా?

రిటైర్డ్_మాస్టారు: వరి ఎవరి కోసమూ ఆగదు. గింజ రాలిపోతే తిండెవరు పెడతారు? మిషన్ పొలంలోకే వెళ్లింది, ఊళ్లోకి రాలేదు.

నిజామాబాద్_వరి: డ్రైవర్ అన్నం ఎక్కడ తిన్నాడు? పొలంలోనా, ఊళ్లోనా?

ఖమ్మం_మిర్చి: అన్నం గొడవ పక్కన పెట్టండి. పని ఉన్నంతకాలం అందరూ కావాల్సినవాళ్లే. మే నెలలో బియ్యం మిల్లుల కోసం బీహార్ హమాలీలను ప్రత్యేక రైల్లో లింగంపల్లికి రప్పించారు. అంతకు ముందు నెలలోనే మిర్చి కోతలకు వచ్చిన ఛత్తీస్‌గఢ్ కూలీలు బీజాపూర్‌కి అడవి దారిన నడిచి పోయారు. వాళ్లలో 12 ఏళ్ల పిల్ల ఇల్లు చేరకుండానే చనిపోయింది. ఒకరికి రైలు, ఒకరికి అడవి.

కర్నూలు_ఎక్స్‌ప్రెస్: కంపని సమర్థిస్తున్నవాళ్లకు ఒక్క మాట. 2021 మేలో పుల్లూరు టోల్ ప్లాజా దగ్గర తెలంగాణ పోలీసులు ఆంధ్ర అంబులెన్సులు ఆపితే అందరూ తిట్టారు, తెలంగాణ హైకోర్టు కూడా అలా ఆపమన్న ఉత్తర్వు మీద స్టే ఇచ్చింది. గరికపాడు దగ్గర పిల్లల్ని ఆపినప్పుడు వీళ్లలో సగం మంది "మంచి పని" అన్నవాళ్లే. మన దాకా వస్తేగానీ నొప్పి తెలియదు.

పేట_కుర్రాడు: మా ఊళ్లో కంప ఊరి మొదట్లో వేయలేదు. మా దళితుల పేటకీ ఊరికీ మధ్య వేశారు.

రిటైర్డ్_మాస్టారు: కర్నూలు గారూ, అంబులెన్సూ, హాస్టల్ నుంచి వచ్చేవాడూ ఒకటి కాదు. రోగిని ఆపడం పాపం. ఆరోగ్యంగా ఉన్న కుర్రవాణ్ని కొన్నాళ్లు షెడ్డులో ఉండమనడం జాగ్రత్త. అన్నం క్యారియర్ పంపారు కదా?

అమీర్‌పేట_హాస్టల్: పంపారు. గట్టు మీద పెట్టి, దూరం నుంచి కేకేసి పోయేవాడు. అన్నం సంగతి కాదు మాస్టారూ. నన్ను కంప దగ్గర ఆపిన రెండో రోజే పక్క టౌన్ నుంచి మా సర్పంచ్ బావమరిది బండి మీద లోపలికి వచ్చాడు. నేను షెడ్డు దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాను.

రిటైర్డ్_మాస్టారు: సరే, దాచకుండా చెప్తాను. మీరంతా సంక్రాంతికి కారులో వచ్చి, మూడు రోజులు ఫొటోలు దిగి పోయేవాళ్లు. చెరువు గట్టు తెగినప్పుడు ఫోన్ చేస్తే "ఆఫీసులో ఉన్నాం" అన్నారు. గుడి చందా అడిగితే వాట్సాప్ గ్రూపులోంచి వెళ్లిపోయారు. సిటీలో హాస్టల్ మూసేసేసరికి ఊరు గుర్తొచ్చింది. అప్పుడు "మా ఊరు, మా హక్కు" అంటే ఇక్కడున్నవాళ్లకి కడుపు మండదా?

అమీర్‌పేట_హాస్టల్: అదీ, ఇప్పుడు వచ్చింది అసలు మాట! అంటే వైరస్ వంక మాత్రమే. నేను ఊరు వదిలింది షోకు కోసం కాదు. మా నాన్న వాటా ఎకరం కౌలుకిస్తే వచ్చే డబ్బు నా కోచింగ్ ఫీజుకే చాలేది కాదు. మా ఇంట్లో ముందు గది మా బాబాయివాళ్లు ఎరువుల బస్తాలతో నింపేశారు. నేను లోపలికి వస్తే ఆ గది ఖాళీ చేయాలి. షెడ్డు చూపించడానికి కారణం అదని ఊరంతటికీ తెలుసు.

ఆశా_అక్క: ఇళ్ల తగాదాలు చాలా చోట్ల ఇలాగే బయటపడ్డాయి. నా రిజిస్టర్‌లో "బయటి నుంచి వచ్చినవారు" అని రాసుకోమని ఊళ్లో నాకు ఇచ్చిన పేర్లలో సగం, అన్నదమ్ములకి పడనివాళ్లవే.

పేట_కుర్రాడు: మీరిద్దరూ ఊరివాళ్లు ఎవరో, బయటివాళ్లు ఎవరో తేల్చుకుంటున్నారు. మేం ఏ హాస్టల్ నుంచీ రాలేదు, ఏ బస్సూ దిగలేదు. ఉపాధి పనికి పోవాలన్నా, రేషన్ షాపుకి పోవాలన్నా ఆ కంప చుట్టూ తిరిగి చేలల్లోంచి పోయాం. మా వైపు ఒక్క కేసూ లేదు. దీనికి జవాబు ఎవరు చెప్తారు?

రిటైర్డ్_మాస్టారు: మీ ఊరి సంగతి నాకు తెలియదు నాయనా. అది నిజమైతే తప్పే. మా ఊళ్లో అలాంటిది జరగలేదు.

పేట_కుర్రాడు: జరగలేదని మీకు ఎవరు చెప్పారు? మీ ఊరి పేటలో ఎవరినైనా అడిగారా?

ఖమ్మం_మిర్చి: మాస్టారూ, దీనికి సమాధానం చెప్పి వెళ్లండి.

రిటైర్డ్_మాస్టారు: నేను 35 ఏళ్లు ఆ పిల్లలకే పాఠాలు చెప్పాను. నన్ను అనుమానించకండి.

పేట_కుర్రాడు: నేను అడిగింది పాఠాల గురించి కాదు సార్.

నిజామాబాద్_వరి: డ్రైవర్‌కి పరీక్ష చేశారో లేదో ఇంకా ఎవరూ చెప్పలేదు.