పీసీబీ అని రాస్తే సరిపోతుందా, పూర్తి పేరు రాయాల్సిందేనా?

పాత ఇనప కొట్టు: అమెరికా నుంచి దిగిన పాత మెషీన్లలో ట్యూబ్‌లైట్ చోకులు కొన్ని వచ్చాయి. పైన ‘నో పీసీబీస్’ అని ముద్ర. పీసీబీ అంటే సర్క్యూట్ బోర్డు, అది లేదన్నమాట అని మా కుర్రాడు వాటిని రాగి కుప్పలో పడేశాడు, ఒకటి విప్పితే లోపల నిక్షేపంలా సర్క్యూట్ బోర్డు! ఇలాంటి పొట్టి పేర్లు పూర్తిగా రాయాలని రూల్ పెట్టాలంటాను.

సోల్డరింగ్ బాబాయ్: అక్కర్లేదండీ. రిపేర్ షాపులో పీసీబీ అంటే ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డే. కాలుష్య నియంత్రణ మండలి (పొల్యూషన్ కంట్రోల్ బోర్డు) నోటీసు వస్తే ఏ పీసీబీయో టెన్షనే చెబుతుంది. ఎక్కడ ఏ అర్థమో జనానికి తెలుసు.

రసాయనం లెక్చరర్: తెలిస్తే ఈ ప్రశ్నే వచ్చేది కాదు కదా. ఆ ముద్రలోది మూడో పీసీబీ, పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్ అనే ప్రమాదకర రసాయనాలు. వేడిని తట్టుకుంటాయి, తేలిగ్గా అంటుకోవు అని ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లో, కెపాసిటర్లలో తెగ వాడారు. ఆ మొండితనమే తర్వాత మెడకు చుట్టుకుంది, మట్టిలో ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి, చేపల కొవ్వులో పేరుకుంటాయి. అమెరికా 1979లో తయారీని నిషేధించాక వచ్చిన చోకుల మీద ఈ ముద్ర వేశారు. అంటే ముద్ర ఉన్నవాటితో ఆ గొడవ లేదు, లేని పాతవాటితోనే.

సోల్డరింగ్ బాబాయ్: పాఠం బాగుంది మాస్టారూ. కానీ జానెడు చోక్ మీద అంత పొడుగు పేరు ఎక్కడ అచ్చేస్తారు? వేసినా మా కుర్రాళ్లు చదవరు.

ఈ-వ్యర్థాల ఫైళ్లు: చోక్ సంగతి వదిలేయండి, కాగితం మీద చోటుకేం కరువు? మా ఫైల్లో మూడూ పక్కపక్కనే ఉంటాయి: పీసీబీ అనుమతి, పీసీబీల తూకం, పీసీబీ ఉన్న నూనె. మన దేశంలో ఆ రసాయనం మీద 2016లో ఉత్తర్వు వచ్చింది, వాడకానికి 2025 డిసెంబరు 31 ఆఖరు గడువు పెట్టింది. అలాంటి కాగితంలో ఏ పీసీబీయో ఊహించుకోమంటే ఎలా? మొదటిసారి పూర్తి పేరు రాసి తర్వాత మీ ఇష్టం. మండలిని మండలి అంటే ఇంకా మేలు.

పాత ఇనప కొట్టు: సరే, ముద్ర లేనివి ఒక సంచిడు ఉన్నాయి. ఏం చేయమంటారు?

రసాయనం లెక్చరర్: సుత్తితో కొట్టొద్దు, కాల్చొద్దు. జిడ్డు కారుతున్నవాటిని ఉత్త చేతులతో ముట్టుకోవద్దు. విడిగా డబ్బాలో మూతపెట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే అనుమతి ఎవరికి ఉందో మండలి ప్రాంతీయ కార్యాలయంలో అడగండి.