సమస్య: పుస్తకమ్ము లేని పురమె మేలు

ఈ వారం సమస్యాపూరణకు ఇచ్చింది ఆటవెలది అనే నాలుగు పాదాల పద్యంలో చివరి పాదం. పై మూడు పాదాలూ రాసి పద్యం పూర్తి చేయడమే పూరణ. పుస్తకాలంటే ప్రాణం పెట్టే మనం ఒప్పుకోలేని మాట. ఒప్పుకోదగ్గ అర్థం తీసుకురావడం మీ పని.

తెనాలి సభ్యురాలు:

తాళ మిడిన చోటఁ దలుపు తీయని చోటఁ
జెదలె పాఠకులుగఁ జెల్లుచుండ
నెవరి చేతికైన నీయని యట్టిదౌ
పుస్తకమ్ము లేని పురమె మేలు.

నిర్వాహకుడు: ‘చెదలె పాఠకులుగ’ దగ్గర మనసు కలుక్కుమంది. గాజు బీరువా, దానికి తుప్పు పట్టిన తాళం, లోపల అట్టల మీద చెదలు కట్టిన మట్టి గీతలు. ఎన్ని ఊళ్లలో చూడలేదు! అయితే భద్రం చేయడమే తప్పు కాదమ్మా. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం పాత పత్రికలను కాపాడింది కాబట్టే పరిశోధకులు ఈనాటికీ అక్కడికి వెళ్తున్నారు. ‘ఎవరి చేతికైన నీయని’ అనడంతో మీ పద్యం ఆ తేడాను పట్టుకుంది. ‘యట్టిదౌ’ మాత్రం గణం, అంటే పాదంలో అక్షరాల కొలత, నింపడానికి వచ్చినట్టుంది.

వరంగల్ సభ్యుడు:

చదువుకొన్న జనులు సరిలెక్క లడుగంగ
గడులు కదలు నంచుఁ గలఁత చెంది
కరణమునకుఁ జెప్పెఁ గర్కశుండగు దొర
పుస్తకమ్ము లేని పురమె మేలు.

తెనాలి సభ్యురాలు: దొర ఈ మాటను కరణంతో అనడం చాలా బాగుందండీ. లెక్కలు రాసేది అతనే కదా, జనం అడిగితే ముందు వణికేదీ అతనే.

నిర్వాహకుడు: నాకు వట్టికోట ఆళ్వారుస్వామి గారు గుర్తొచ్చారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల అనే ప్రచురణ సంస్థ పెట్టి, ఊరూరా తిరిగి పుస్తకాలు అమ్మిన మనిషి. సభ జరుపుకోవాలన్నా అనుమతి కావలసిన నిజాం రోజులవి. అప్పట్లో తెలంగాణలో గ్రంథాలయం పెట్టడమంటే జనాన్ని మేలుకొలపడమే. గడులు, అంటే దొరల కోటలు, కదులుతాయన్న దొర భయం ఊరికే పుట్టింది కాదు.

డల్లాస్ సభ్యుడు: ఇది నా మొదటి పూరణ. కొంచెం టెన్షన్‌గానే పెడుతున్నాను.

పొరుగువానిపైనఁ బగ నూరిపోసెడి
మనసులోన విషము మరుగఁజేయు
పిల్లవాని చేతఁ బెట్టరానిది యైన
పుస్తకమ్ము లేని పురమె మేలు.

వరంగల్ సభ్యుడు: ధార బాగుంది తమ్ముడూ. మొదటి పాదంలో యతి తప్పింది, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరం కుదరలేదు. ‘పొ’కు ‘బ’ చెల్లదు. హల్లు కుదిరింది గానీ అచ్చు కుదరలేదు. ‘పొరుగువానిపైనఁ బోరు రేపెడునట్టి’ అంటే సరిపోతుంది. భావం దగ్గర మాత్రం నాకు అభ్యంతరం ఉంది. ఏది విషమో తేల్చేదెవరు? ఆ అధికారం చేతికిస్తే నా పద్యంలో దొర కూడా మీ పద్యమే చదువుతాడు.

నిర్వాహకుడు: ఈ అభ్యంతరం నాదీనూ. పగ పెంచే పుస్తకం ఉందని నేనూ ఒప్పుకుంటాను. దాన్ని ఊరు దాటిస్తే మాత్రం పగ పోదు. దాని పక్కన ఇంకో పుస్తకం ఉండాలి, రెండూ చదివి కొట్లాడుకునే నలుగురు ఉండాలి. అయినా ‘పిల్లవాని చేత’ అన్న మాటలో ఒక తండ్రి బెంగ వినిపించింది. యతి సవరించి ఆ పాదం అలాగే ఉంచండి.

రేపల్లె సభ్యుడు:

కాల్వ వెంట వచ్చుఁ గథలతోఁ బడవయే
పేర్మిఁ బంచి పోవుఁ బేదలకును
ఉన్న యూళ్ళు దాఁటి యొడ్డున నాఁగును
పుస్తకమ్ము లేని పురమె మేలు.

నిర్వాహకుడు: ఈ వారం నన్ను పట్టి ఊపిన పూరణ ఇదే. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువ మీద నడిపిన పడవ గ్రంథాలయం కళ్ల ముందు నిలిచింది. పుస్తకాలు లేని ఊరి రేవులోనే పడవ ఆగుతుంది కాబట్టి ఆ ఊరిదే అదృష్టమన్నారు. మిగిలిన ముగ్గురూ పుస్తకాన్నో ప్రభువునో తప్పుపట్టి సమస్య దాటారు. మీరు ఎవరినీ నిందించకుండా దాటారు.

రెండు సూచనలు. ‘ఉన్న యూళ్ళు’ అంటే ఏమున్నవో నాలుగో పాదం దాకా తెలియడం లేదు. ‘పడవయే’లో ఏకారం గణం కోసమే వచ్చింది. ‘కథలతోఁ బడవలు’ అనండి, గణం చెడదు, ఒకటి కాదు చాలా పడవలు వస్తాయి.