బిల్లీ హాలిడే సినిమాలో నిజమెంత, కల్పన ఎంత?

ప్రశ్న: అమెరికన్ జాజ్ గాయని బిల్లీ హాలిడే మీద తీసిన ‘ది యునైటెడ్ స్టేట్స్ వర్సెస్ బిల్లీ హాలిడే’ (2021) చూశాను. నల్లవాళ్ల మూకహత్యల మీది ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ పాట పాడుతోందన్న కక్షతోనే ప్రభుత్వం ఆవిడ వెంటపడిందనీ, పట్టించిన ఏజెంటే ఆవిడని ప్రేమించాడనీ చూపించారు. నమ్మొచ్చా? అరెస్టులు కూడా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. వరస చెప్పగలరా?

జవాబు 1: సినిమా పేరు కల్పితం కాదండీ, ఆవిడ మీద పెట్టిన 1947 మాదకద్రవ్యాల కేసు పేరే అది. ఆ మేలో అరెస్టు చేశారు, ఆవిడ నేరం ఒప్పుకుంది. ఏడాదీ ఒక రోజు శిక్ష పడింది, వెస్ట్ వర్జీనియాలోని ఆల్డర్సన్ మహిళా జైల్లో. 1948 మార్చి 16న విడుదలైంది, 27న కార్నెగీ హాల్లో పాడితే టికెట్లన్నీ అమ్ముడయ్యాయి.

మరి అంత పెద్ద హాల్లో పాడినావిడకి క్లబ్బుల్లో చోటెందుకు లేదు? కీలకం క్యాబరే కార్డు. న్యూయార్క్‌లో మద్యం అమ్మే చోట పాడాలంటే పోలీసులిచ్చే ఆ కార్డు ఉండాలి, శిక్ష పడ్డాక అది పోయింది. కార్నెగీ హాల్‌కి ఆ బాధ లేదు. కానీ జాజ్ గాయనికి వారం వారం డబ్బొచ్చేది క్లబ్బుల నుంచే. జైలు ఏడాదితో అయిపోయింది, కార్డు దెబ్బ మాత్రం 1959లో చనిపోయేదాకా వదల్లేదు. ఆసుపత్రి మంచం మీద ఉండగా అరెస్టు చేసి పోలీసు కాపలా పెట్టిన మాటా నిజమే.

జవాబు 2: 1949 అరెస్టు వేరు. అది శాన్ ఫ్రాన్సిస్కో హోటల్లో, చేసింది మాదకద్రవ్యాల బ్యూరో ఏజెంటు జార్జ్ వైట్. జ్యూరీ నిర్దోషి అని తేల్చింది.

సినిమాలో ప్రేమించిన ఏజెంటు జిమ్మీ ఫ్లెచర్ నిజంగానే ఉన్న నల్లజాతి ఏజెంటు. ప్రేమకథకి మాత్రం ఆధారం లేదు, నా లెక్కన సినిమాని పలచన చేసిందీ అదే. బ్యూరో అధిపతి హ్యారీ ఆన్‌స్లింగర్‌కి జాజ్ వాళ్లంటే పడదన్నది దాచినదేం కాదు. అలాగని ఆ పాట ఆపమని బ్యూరో ఆదేశించినట్టు రుజువు చేసే కాగితమేదీ బయటికి రాలేదు. హెరాయిన్ వాడకం నిజం, వేటా నిజం. పాట ఒక్కటే కారణమన్నది సినిమా బిగించిన ముడి.

జవాబు 3: ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ 1939 కమొడోర్ కంపెనీ రికార్డు వినండి. ఆవిడ రికార్డు కంపెనీ కొలంబియా కాదన్నాకే అక్కడికి వెళ్లింది. గొంతు వినబడేలోపు నిమిషానికి పైగా వాద్యాలే. న్యూయార్క్‌లోని కెఫే సొసైటీ క్లబ్బులో ఆవిడ చివరి పాట అదే: వడ్డన ఆపి, దీపాలార్పి, మొహం మీద ఒక్క లైటు వేసేవారు. సినిమాలో బిల్లీగా వేసిన ఆండ్రా డే స్వయంగా పాడింది, బాగా పాడింది, కాకపోతే అది 1950ల నాటి బొంగురు గొంతు. 1939లో బిల్లీ గొంతు ఇంకా తేటగా ఉండేది.

బిల్లీ మీదే వచ్చిన 1972 నాటి సినిమా ‘లేడీ సింగ్స్ ద బ్లూస్’తో పోల్చేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. దానికి సాంకేతిక సలహాదారు ఆవిడ భర్త లూయిస్ మెకే. అందులో అతను అంత మంచివాడుగా ఎందుకున్నాడో వేరే చెప్పాలా!

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. మూకహత్యల నిరోధక బిల్లు ఇంకా చట్టం కాలేదని చివర్లో వేశారు. ఇప్పటికీ అంతేనా?

జవాబు 1: కాదు. సినిమా వచ్చాక, 2022 మార్చిలో, మూకహత్యకి బలైన నల్లజాతి కుర్రాడు ఎమెట్ టిల్ పేరుతో చట్టమైంది.