ఖాళీగా ఉన్న అద్దె ఇంట్లో నీటి గొట్టం పగిలితే నష్టం ఎవరు భరించాలి?

ప్రశ్న

ఉద్యోగరీత్యా ఆరు వారాలు వేరే చోట ఉండవలసి వచ్చింది. సామానంతా ఇంట్లోనే ఉంది, అద్దె కడుతూనే ఉన్నాను, బయలుదేరే ముందు యజమానికి సందేశం కూడా పంపాను. ఐదో వారంలో వంటగది సింకు కింద కుళాయికి నీరందించే గొట్టం పగిలింది. కింది వాటా వారి పైకప్పు నుంచి నీరు కారేదాకా ఎవరికీ తెలియలేదు. అలమరలు ఉబ్బిపోయాయి, గోడలు నెమ్మెక్కాయి. ఇల్లు వరుసగా 30 రోజులకు మించి ఖాళీగా ఉంటే తన బీమా పాలసీ వర్తించదని, అప్పుడు ఖర్చంతా నేనే పెట్టుకోవాలని యజమాని అంటున్నారు. ఇతరులకు కలిగే నష్టానికి కూడా వర్తించే పాలసీ నాకు ఉంది. ఇంట్లో లేకపోవడమే నా తప్పవుతుందా?

జవాబు 1

ఇంట్లో లేకపోవడం వేరు, నిర్లక్ష్యం వేరు. గొట్టం ఎందుకు పగిలిందన్నది ముందు తేలాలి. ఇంటితోపాటు వచ్చిన గొట్టం పాతబడి పగిలితే, ఒప్పందంలో మరోలా రాసి ఉంటే తప్ప, అది సాధారణంగా యజమాని చేయించవలసిన మరమ్మతుల కిందికే వస్తుంది. అక్కడ చెమ్మ కనిపించినా మీరు చెప్పకుండా ఊరుకున్నారనుకోండి, లేదా ఊడింది మీరు బిగించుకున్న వాషింగ్ మెషీన్ గొట్టమే అనుకోండి, అప్పుడు మీ వాదన నిలవడం కష్టం. పగిలిన ముక్కను మాత్రం దాచి ఉంచండి. ప్లంబరు మొదట చేసే పని దాన్ని చెత్తలో పడేయడమే.

జవాబు 2

బీమా క్లెయిములు పరిశీలించే పనిలో కొన్నాళ్లు ఉన్నాను కాబట్టి ఆ 30 రోజుల సంగతి కొంచెం వివరంగా రాస్తాను. చాలా పాలసీలు సామాను ఉండి మనుషులు లేని ఇంటిని, సామాను కూడా లేని ఇంటిని వేరువేరుగా చూస్తాయి. గడువు కొన్నింటిలో 30 రోజులు, కొన్నింటిలో 60. అంతకన్నా ముఖ్యంగా, లెక్కించవలసింది మీరు తిరిగి వచ్చిన రోజు వరకు కాదు, నష్టం జరిగిన రోజు వరకు. ఐదో వారమంటే 29వ రోజు నుంచి 35వ రోజు దాకా ఏదైనా కావచ్చు, అంటే మీ వ్యవహారమంతా ఆ ఒక్క తేదీ మీద ఆధారపడి ఉండవచ్చు. నీటి మీటరు లెక్కలు, కింది వాటా వారు తడిని మొదట గమనించిన రోజు రాతపూర్వకంగా సేకరించండి.

యజమాని క్లెయిము తిరస్కరించబడినంత మాత్రాన ఆ బాకీ దానంతటదే మీ నెత్తిన పడదు. ఒకవేళ బీమా సంస్థ ఆయనకు చెల్లించినా, ఆయన స్థానంలో నిలబడి ఆ సొమ్మును మీ నుంచి రాబట్టడానికి ప్రయత్నించవచ్చు. దాన్ని ఎంతవరకు అనుమతిస్తారన్నది ఒక్కో చోటి చట్టాన్ని బట్టి మారుతుంది. మీ బీమా సంస్థకు ఈరోజే తెలియజేయండి. వారి అనుమతి లేకుండా “తప్పు నాదే, కట్టేస్తాను” అని ఎవరికీ రాసి ఇవ్వకండి, ఎందుకంటే అలా ఒప్పుకుంటే సంస్థ చెల్లించనక్కరలేదనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది.

జవాబు 3

పై ఇద్దరూ అద్దెదారు పక్షమే ఎక్కువగా మాట్లాడారనిపిస్తోంది. ఆరు వారాలు వెళ్లేవారు నీటి ప్రధాన వాల్వు మూసి వెళ్లడం కనీస జాగ్రత్త. ఒప్పందంలో ఆ షరతు ఉంటే యజమానికి పంపిన సందేశం దాన్ని తీర్చినట్టు కాదు. అయితే బాధ్యత మీదేనని తేలినా, పదేళ్లు వాడిన అలమరలకు కొత్తవాటి ధర అడగడం న్యాయం కాదు, తరుగుదల తీసివేయాలి.

ప్రశ్న అడిగినవారు

ఒప్పందం మళ్లీ చదివాను: వాల్వు గురించి ఏమీ లేదు, 14 రోజులకు మించి వెళ్తే తెలియజేయాలని మాత్రమే ఉంది. ప్రధాన వాల్వు తాళం వేసిన ఉమ్మడి గదిలో ఉంది, దాని తాళంచెవి నాకు ఇవ్వలేదు. గొట్టం ముక్క నా దగ్గరే ఉంది. కింది వాటా వారిని తేదీ అడిగి, ఈ సాయంత్రమే నా బీమా సంస్థకు రాస్తాను.