లెక్కలు బయటపెడితే పేదరికం తగ్గుతుందా? ఉపాధి హామీ సామాజిక తనిఖీలపై ఒక సందేహం

ప్రశ్న

నేను గ్రామీణాభివృద్ధి చదువుతున్నాను. పాలన పారదర్శకంగా ఉంటే పేదరికం తగ్గుతుందని తరచు చదువుతున్నాను గాని, ప్రభుత్వ కాగితం అందరికీ అందుబాటులో ఉండటానికీ, కూలీ కుటుంబం ఆదాయానికీ మధ్య ఉన్న సంబంధాన్ని ఎవరూ విడమరచి చెప్పడం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన సామాజిక తనిఖీలను, అంటే ఉపాధి హామీ పనుల లెక్కలను ఊరివాళ్ల ముందే సరిచూసే పద్ధతిని, ఇందుకు ఉదాహరణగా చూపుతుంటారు. వాటివల్ల కూలీలకు దక్కినదేమిటి? వివరాలన్నీ వెబ్‌సైటులో ఉన్నప్పుడు ఊరూరా తిరగవలసిన అవసరం ఏముంది?

మొదటి సమాధానం

మీ రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది. మస్టరులో, అంటే పని హాజరు పట్టీలో, ఒక కూలీ పేరు మీద పన్నెండు రోజుల పని, దానికి చెల్లించిన డబ్బు నమోదై ఉన్నాయనుకోండి. హైదరాబాదులో కూర్చుని చూసేవారికి అందులో తప్పేమీ కనబడదు. ఆమె చేసింది ఆరు రోజులేనని, లేదా ఆ వారం ఆమె ఊళ్లోనే లేదని చెప్పగలిగేది ఆమె, ఆమెతో మట్టి ఎత్తినవాళ్లు మాత్రమే.

2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌లో గ్రామసభ చేత సామాజిక తనిఖీ జరిపించాలని చెప్పింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలయ్యాక, మన రాష్ట్రం ఆ సెక్షన్‌ను మనసు పెట్టి అమలు చేసి, 2009లో ఈ పని కోసమే ప్రత్యేక సొసైటీని ఏర్పాటు చేసింది. కూలీ కుటుంబాల నుంచే వచ్చిన యువతీయువకులు శిక్షణ పొంది, మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, జాబ్ కార్డుతో పోల్చి, తవ్విన కాలువను టేపుతో కొలిచి, ఊళ్లో చదివి వినిపించేవారు. ఆ తర్వాత మండల కేంద్రంలో జరిగే ప్రజావేదికలో ఫిర్యాదు చేసిన కూలీ, సంతకం చేసిన ఉద్యోగి ఎదురెదురుగా నిలబడి మాట్లాడవలసి వచ్చేది. పేదరికంతో సంబంధం ఇక్కడే ఉంది: వేసవిలో రావలసిన కూలి డబ్బు పక్కదారి పట్టినా, ఆలస్యమైనా, ఆ కుటుంబం వడ్డీకి అప్పు తెస్తుంది, లేదా వలస పోతుంది.

రెండో సమాధానం

పై సమాధానానికి ఒక్క మాట చేరుస్తాను. ఈ పద్ధతికి మూలం రాజస్థాన్‌లో ఉంది. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంస్థ 1994 నుంచి జన సున్‌వాయీలు (బహిరంగ ప్రజా విచారణలు) నిర్వహించి, పంచాయతీ పనుల బిల్లులను, మస్టర్లను ఊరివాళ్ల ముందు చదివించింది. 2005 సమాచార హక్కు చట్టానికి దారితీసిన ఉద్యమం అక్కడి కూలీలదేనని మనం మరచిపోకూడదు.

మూడో సమాధానం

సామాజిక తనిఖీల మీద నాకు ఎంతో గౌరవం ఉంది, అందుకే వాటి పరిమితిని కూడా చెప్పాలి. 2006-2010 మధ్య ఆంధ్రప్రదేశ్ తనిఖీ నివేదికలను పరిశీలించిన పరిశోధకులు, కూలి చెల్లింపులలో అక్రమాలు కొంత తగ్గినా, అదే కాలంలో సామగ్రి ఖర్చులో అక్రమాలు పెరిగాయని గుర్తించారు. కూలీకి తన పనిదినాలు తెలుసు; ఎన్ని బస్తాల సిమెంటు కొన్నారో, ఏ ధరకు కొన్నారో ఎలా తెలుస్తుంది? పైగా బయటపడిన సొమ్ములో అధికభాగం తిరిగి వసూలు కాలేదు. ధైర్యం చేసి సాక్ష్యం చెప్పిన మనిషికి ఇంతకంటే పెద్ద అన్యాయం లేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. సామగ్రి ఖర్చును ఊరివాళ్లు తనిఖీ చేయాలంటే ఏ పత్రాలు అడగాలి?

మూడో సమాధానం ఇచ్చినవారు

పని అంచనా, కొలతల పుస్తకం, సరఫరాదారు బిల్లులు, చెల్లింపు వోచర్లు, ఈ నాలుగూ ఒకేసారి అడగండి. కొలతల పుస్తకంలోని పొడవు, వెడల్పు, లోతు అంకెలను పని జరిగిన చోటే, ఆ పని చేసిన కూలీల సమక్షంలో సరిచూడండి. సమాచార హక్కు చట్టం 2వ సెక్షన్ పనులను, పత్రాలను స్వయంగా పరిశీలించే హక్కును కూడా ఇచ్చింది కాబట్టి, నకళ్లతో సరిపెట్టుకోకుండా పరిశీలనకు కూడా దరఖాస్తు పెట్టండి.