స్కైరిమ్: డేటా ఫోల్డర్ వేరే పీసీకి కాపీ చేస్తే మెనూ రాకముందే క్రాష్

కావలి కుర్రోడు

అన్నలకు నమస్తే. స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్ గేమ్, స్టీమ్‌లో కొన్నదే. కావలి ఇంట్లో డెస్క్‌టాప్, ఒంగోలు రూములో ల్యాప్‌టాప్ ఉండాయి. డెస్క్‌టాప్‌లో వోర్టెక్స్‌తో (మోడ్‌లు, అంటే గేమ్‌కి జనం చేసిన మార్పులు, వేసే ప్రోగ్రామ్) వేసిన మోడ్ కలెక్షన్ బాగా నడుస్తోంది: గేమ్ 1.6.640, ఎస్‌కేఎస్‌ఈ (మోడ్ స్క్రిప్టులకు అదనపు సామర్థ్యం ఇచ్చే ప్రోగ్రామ్) 2.2.3. ల్యాప్‌టాప్‌లో గేమ్ కొత్తగా దించితే 1.6.1170 వచ్చింది. దానికి ఎస్‌కేఎస్‌ఈ 2.2.6 పెట్టి, డెస్క్‌టాప్ డేటా ఫోల్డర్ మొత్తం ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో తెచ్చి దాని మీద వేశాను. లోగో కనపడుద్ది, మెనూ రాకముందే మూసుకుపోద్ది. నెక్సస్‌లో (మోడ్‌లు దించుకునే సైటు) ప్రీమియం లేదు, ఒక్కో మోడ్‌కీ క్లిక్ కొట్టి మళ్లీ అంతా దించుకునేంత నెట్ రూములో లేదు. రెండుచోట్లా ఒకే సెటప్ ఉంచే పద్ధతి ఏంది?

పెన్నా గట్టు

అబ్బయ్యా, ఇందులో మూడు తేడాలు కలిసిపోయాయి.

మొదటిది వెర్షన్. డేటా లోపల ఎస్‌కేఎస్‌ఈ, దాని లోపల ప్లగిన్స్ ఫోల్డర్‌లో ఉండే డీఎల్ఎల్ ఫైళ్లలో చాలావరకు 640కి కట్టినవి. 1170లో గేమ్ కోడ్ అడ్రసులు మారాయి. అడ్రస్ లైబ్రరీ (ఒక్కో గేమ్ వెర్షన్‌కి ఆ అడ్రసుల పట్టిక ఇచ్చే మోడ్) వాడే డీఎల్ఎల్ అయినా, నీ కాడ ఉన్న ప్యాకేజీ పాతదైతే అందులో 1170 ఫైలే ఉండదు. పైగా డేటా మొత్తం వేసినప్పుడు 2.2.6 స్క్రిప్టుల మీద 2.2.3 స్క్రిప్టులు పడి ఉంటాయి.

రెండోది లోడ్ ఆర్డర్. ఏ ప్లగిన్ (మోడ్‌తో వచ్చే ఈఎస్పీ లాంటి ఫైల్) ఆన్‌లో ఉంది, ఏ వరసలో ఉంది అనేది డేటాలో ఉండదు. అది యాప్‌డేటా లోకల్‌లోని స్కైరిమ్ ఫోల్డర్‌లో ప్లగిన్స్ అనే టెక్స్ట్ ఫైల్‌లో ఉంటుంది. సెట్టింగుల ఐఎన్ఐ ఫైళ్లు డాక్యుమెంట్స్‌లోని మై గేమ్స్‌లో. ఆ రెండూ నువ్వు తేలేదు. ఒక ప్లగిన్ ఆన్‌లో ఉండి దాని మాస్టర్ (అది ఆధారపడే ప్లగిన్) ఆఫ్‌లో ఉంటే గేమ్ సరిగ్గా మెనూ ముందే పడిపోతుంది, నీకు కనపడే లక్షణం అదే.

మూడోది వోర్టెక్స్ రాసుకునే డిప్లాయ్‌మెంట్ జేసన్ ఫైల్. అది కూడా డేటాతోపాటు వచ్చేసింది. ల్యాప్‌టాప్‌లో వోర్టెక్స్ తెరిస్తే లేని మోడ్‌లను ఉన్నట్టు లెక్కేసి గొడవ పెడుతుంది.

కాబట్టి ఆ డేటాను బాగుచేయాలని చూడొద్దు. గేమ్ ఫోల్డర్ తీసేసి స్టీమ్ నుంచి మళ్లీ దించు. ఉత్తగా వెరిఫై కొడితే అదనంగా పడిన ఫైళ్లు పోవు.

చీమకుర్తి రాయి

రెండు పీసీలకు ఒకే సెటప్ కావాలంటే మోడ్ ఆర్గనైజర్ 2కి (ఎంఓ2) మారు. వోర్టెక్స్ తన స్టేజింగ్ ఫోల్డర్ (మోడ్‌లు విప్పి ఉంచే చోటు) నుంచి గేమ్ డేటాలోకి హార్డ్‌లింకులు (అదే ఫైల్‌కి రెండో పేరు) వేస్తుంది, వేరే డిస్కుకి కాపీ చేయగానే ఆ లింకు తెగి రెండూ విడి ఫైళ్లయిపోతాయి. ఎంఓ2 గేమ్ ఫోల్డర్ ముట్టుకోదు, గేమ్ నడిచేటప్పుడు మాత్రమే ఫైళ్లు ఉన్నట్టు చూపిస్తుంది.

మళ్లీ దించుకోనక్కర్లేదు. డెస్క్‌టాప్‌లో యాప్‌డేటా రోమింగ్, వోర్టెక్స్, స్కైరిమ్ ఎస్‌ఈ, మోడ్స్ అనే దారిలో చూడు (స్టేజింగ్ మార్చి ఉంటే ఆ చోట). అక్కడ ప్రతి మోడ్‌కీ ఒక ఫోల్డర్, ఇన్‌స్టాలర్‌లో నువ్వు ఎంచుకున్న ఆప్షన్లతో సహా. ఆ ఫోల్డర్లను ఎంఓ2 మోడ్స్ ఫోల్డర్‌లో వేసి రిఫ్రెష్ కొడితే ఎడమ పక్క జాబితాలో కనపడతాయి. నెక్సస్ నంబరు ఉండదు గనక అప్‌డేట్ చెక్ పనిచేయదు, అంతే నష్టం.

అసలు పని ఎడమ జాబితా వరసలో ఉంది. ఒకే ఫైల్ రెండు మోడ్‌లలో ఉంటే కింద ఉన్నది గెలుస్తుంది. డెస్క్‌టాప్‌లో ఏది గెలిచిందో తెలియాలంటే ఇందాక చెప్పిన జేసన్ ఫైల్ నోట్‌ప్యాడ్‌లో తెరువు, ప్రతి ఫైల్ పక్కన ఏ మోడ్ నుంచి వచ్చిందో రాసి ఉంటుంది. టెక్స్చర్లు, స్కెలిటన్, ఇంటర్‌ఫేస్ మోడ్‌లు దాన్ని చూసి సరిచేయి. మిగతావి పెద్దగా తగాదా పడవు. ప్లగిన్స్ టెక్స్ట్ ఫైల్‌ను ఎంఓ2 ప్రొఫైల్ ఫోల్డర్‌లో వేయి.

ఎంఓ2ను పోర్టబుల్‌గా, డీ డ్రైవ్‌లో చిన్న పేరున్న ఫోల్డర్‌లో పెట్టు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో వద్దు. రెండు పీసీల్లో గేమ్ దారి, ఎంఓ2 దారి ఒకటే ఉంచితే తర్వాత ఆ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకుంటే చాలు. బాడీస్లైడ్ (ఒంటి ఆకారాలు), నెమెసిస్ (కదలికలు) లాంటి టూల్స్ తయారుచేసే ఫైళ్లు ఎంఓ2 ఓవర్‌రైట్ ఫోల్డర్‌లో పేరుకుంటాయి. వాటిని అప్పటికప్పుడే ఒక మోడ్‌గా మార్చి పేరు పెట్టు, లేకపోతే ఏది దేనిదో నెల తర్వాత చెప్పలేవు.

కావలి కుర్రోడు

అర్థమైంది అన్నా. రెండింటినీ 1170కి తెస్తాను. పాత సేవ్‌లు పనిచేస్తాయా? ఫుల్ ప్లగిన్లు 240 దాటాయి, ఇంకా వేయొచ్చా?

మైపాడు అల

సేవ్‌లు ముందు వేరే చోట దాచు. మోడ్‌ల జాబితా అదే ఉండి డీఎల్ఎల్‌లు మాత్రం 1170వి పెడితే మామూలుగా తెరుచుకుంటాయి. డీఎల్ఎల్ ఉన్న మోడ్‌లనే నెక్సస్‌లో విడిగా దించు, అవి చిన్న ఫైళ్లు. స్క్రిప్టులున్న మోడ్ ఏదైనా తీసేస్తే మాత్రం ఆ సేవ్ కొనసాగించొద్దు, స్క్రిప్టుల అవశేషాలు సేవ్‌లోనే ఉండిపోతాయి.

ఫుల్ ప్లగిన్లు 254 దాకానే. లైట్ ప్లగిన్లకు (ఈఎస్ఎల్) విడిగా 4096 చోటు ఉంది. చిన్న ప్యాచ్‌లను ఎస్‌ఎస్‌ఈఎడిట్‌లో (ప్లగిన్లు సవరించే టూల్) ఈఎస్ఎల్ చేయొచ్చు. కానీ ఫారమ్ ఐడీలు (గేమ్‌లో ప్రతి వస్తువుకీ ఉండే నంబర్లు) కుదించాల్సి వస్తే, నడుస్తున్న సేవ్‌లో ఉన్న మోడ్ మీద ఆ పని చేయకు. ఐడీలు మారితే నీ పెట్టెలోని కత్తి, ఒంటి మీది కవచం మాయమవుతాయి.

స్టీమ్‌లో గేమ్ ప్రాపర్టీస్, అప్‌డేట్స్‌లోకి పోయి గేమ్ తెరిచినప్పుడే అప్‌డేట్ అయ్యేలా పెట్టు. ఆ తర్వాత ఎప్పుడూ ఎంఓ2 లోంచి ఎస్‌కేఎస్‌ఈ లోడర్‌తోనే తెరువు, స్టీమ్ ప్లే బటన్ నొక్కొద్దు.

కాపీ మధ్యలో కరెంటు పోతే చివర రాస్తున్న ఫైల్ సగమే పడుతుంది, పేరు మాత్రం మామూలుగానే కనపడుతుంది. విండోస్‌లోని రోబోకాపీతో మళ్లీ నడిపితే సైజు, తేదీ తేడా ఉన్నవే తిరిగి రాస్తుంది. అందులో మిర్రర్ ఆప్షన్ వాడేటప్పుడు గమ్యం ఫోల్డర్ పేరు రెండుసార్లు చూసుకో, మూలంలో లేనివన్నీ అక్కడ చెరిపేస్తుంది.

ఇది నీ రెండు పీసీల మధ్య సంగతి. ఎవరైనా సెటప్ అడిగితే మోడ్‌ల జాబితా, వరస ఇవ్వు. ఫైళ్లు డ్రైవ్‌లో పెట్టి లింకు పంచొద్దు, చాలామంది మోడ్ రచయితలు దానికి అనుమతి ఇవ్వరు.